వంకాయ మీద పడ్డ నింద

నేను ఖాలా అని పిలిచే ఆమె మా పక్కింటి ముస్లిం పెద్దామె. సంతోష్‌నగర్‌ల మా రెండిండ్లకు నడుమ ఒక్కటే గోడ. పెండ్లి చేసుకొని నేను ఈ ఇంటికి వచ్చిన కొత్తల, మా అత్తమ్మ ఇంకా నన్ను దూరం నుంచే చూస్తున్న దినాలల్ల, గోడ అవతలికెళ్ళి మొదలు ముచ్చట పెట్టింది ఆమెనే. అప్పటి నుంచి గోడ మీద గిన్నెలు ఇటు పోతుండె, అటు వస్తుండె. ఖాళీ గిన్నె వాపస్ ఇచ్చుడు రెండిండ్లల్ల అలవాటు లేదు.

ఆమె బిడ్డకు సంబంధం ఖాయమైన దినం శనివారం పడ్డది. శనివారం మా ఇంట్ల మాంసం ముట్టరు. అందుకని వచ్చినోళ్ళకు బిర్యానీ వండిన ఖాలా, మా కోసం వేరే పొయ్యి మీద బగారా అన్నం, ఖట్టీ దాల్, బగారా బైంగన్ చేసిపెట్టింది. లేత వంకాయలను చీరి, మసాలా ముద్దల, చింతపండు పులుసుల నూనె తేలేదాక మగ్గబెట్టే కూర అది. నాకు ఇష్టమని ఎక్కువనే వడ్డించింది.

సగం తిన్ననో లేదో పెదవులు చుర్రుమన్నయి. మిర్చి ఘాటనుకొని నీళ్ళు తాగిన. తర్వాత అరచేతులు దురద పెట్టినయి, ఆ తర్వాత మెడ, నెత్తి. చెయ్యి చూసుకుంటే ఎర్రగ దద్దుర్లు, చూస్తుండంగనే ఒకదాంతోని ఒకటి కలిసి అట్టలు కడుతున్నయి. కడుపుల మెలిపెట్టింది. లోపలికి పోయి కక్కుకొని వచ్చి ఖాలాను పిలుద్దామనుకుంటే గొంతు పెగల్లేదు. వచ్చిన బొంగురు చప్పుడు నాది లెక్కనే లేదు. ఊపిరి లోపలికి పోతున్నది గని చాలుత లేదు.

ఖాలా కొడుకు ఆటో నడుపుతడు. ఆటో గల్లీలనే ఉండె. ఖాలా నన్ను ఒళ్ళ పండబెట్టుకొని కూసున్నది, ఏదో ప్రార్థన చదువుకుంట నా వీపు రుద్దుతుండె. దవాఖానల చూసీ చూడంగనే తొడకు సూది వేసిన్రు. గుండె దడదడ కొట్టుకున్నది, చేతులు వణికినయి, గొంతు మాత్రం మెల్లగ వదులైంది. తగ్గినట్టే తగ్గి మళ్ళ వస్తదని పొద్దుమీకేదాక కదలనియ్యలేదు. తిన్నదాంట్ల ఏదో పడలేదు, ఏందన్నది ఎలర్జీ డాక్టర్ దగ్గర కనుక్కోండి, అంతవరకు ఆ వంట ముట్టకున్రి అని చెప్పి గోలీలు రాసిచ్చి పంపిన్రు.

మా అత్తమ్మకు డాక్టర్ అక్కర లేకుండె. "వంకాయ," అన్నది ఇంట్ల కాలు పెట్టకముందే. "వంకాయ గీరుతదని పెద్దలు ఊకనే అనలేదు."

నేను కూడ నమ్మిన. వంకాయకు ముందు నుంచి పేరు మంచిగ లేదాయె. దెబ్బ తాకినా వద్దంటరు, ఒంటి మీద పొక్కు లేసినా వద్దంటరు. ఎలర్జీ డాక్టర్‌ను వెతకాలన్న సంగతి అట్లనే పక్కకు పోయింది. వంకాయ ఒక్కటి మానేస్తే సరిపోతదాయె.

ఖాలా తెల్లారి వచ్చి చూసింది. ఎప్పుడూ తిన్నగ వంటింట్లకు వచ్చే మనిషి కడప దగ్గరనే నిలబడి, ఎట్లున్నవు బేటీ అని అడిగి పోయింది. ఆ తర్వాత గోడ మీదికెళ్ళి గిన్నె రాలేదు. మా అత్తమ్మ ఆమెను ఏమనలేదు. అనకున్నా, తన ఇంట్ల తిన్నంకనే అయ్యిందన్న మాట ఆమె మనసుల కూసున్నది.

నేను బడిల లెక్కలు చెప్త. కొన్ని వారాలకు స్టాఫ్ రూంల నా తోటి టీచర్ దోశెలు తెచ్చి, పల్లీ చట్నీతోని నాకు పెట్టింది. వంకాయ లేదు కదా అని ధైర్యంగ తిన్న. పెదవులు ఉబ్బినయి, మెడ మీద దద్దుర్లు వచ్చినయి. ఈసారి గొంతు దాక పోలేదు. అయినా ఆమె నన్ను అప్పటికప్పుడు దవాఖానకు తీసుకపోయింది. తోవ పొడుగూత తన చట్నీనే తిట్టుకున్నది.

ఇప్పుడు వంకాయ పక్కన పల్లీలు కూడ చేరినయి. మా ఆయనకు బేగంబజార్‌ల స్టీలు సామాన్ల దుకాణం ఉన్నది. ఇంట్ల ఆడమనిషికి గిట్లయితున్నదని అక్కడ ఎవరితోనో అంటే, ఒక్క రక్తం చుక్కతోని ఏమేం పడదో అన్నీ చెప్పే ల్యాబ్ ఉన్నది, ఇంటికే వస్తరు అని చెప్పిండ్రట. వచ్చి రక్తం తీసుకపోయిన్రు. రిపోర్టు ఫోన్‌కు వచ్చింది, పడనివి ఎర్రగ, పడేవి పచ్చగ. మా ఆయన వంటింట్ల నిలబడి చదువుతుంటే అత్తమ్మ, నేను వింటున్నం. పాలు ఎరుపు. గోధుమ ఎరుపు. పల్లీ, వంకాయ, నువ్వులు, పెసర్లు, గుడ్డు, టమాట, అన్నీ ఎరుపే. అత్తమ్మ చాలాసేపు విని, "మరి బియ్యం?" అని అడిగింది. బియ్యం పచ్చగ ఉన్నది. ఆమె హమ్మయ్య అనుకొని కూసున్నది.

ఆ దినం నుంచి నాకు వేరే వంట. అన్నం, టమాట లేని చారు, సొరకాయ, బీరకాయ. టీ లేదు, పెరుగు లేదు, రొట్టె లేదు. స్టాఫ్ రూంల అందరూ డబ్బాలు ఇప్పుతుంటే నేను కుర్చీ కిటికీ దిక్కు తిప్పుకునేదాన్ని. పచ్చగ ఉన్నదాన్ని తిన్నా కూడ ముద్ద మింగినంక గొంతు మీద చెయ్యి పెట్టుకొని చూసుకునుడు అలవాటైంది. జాకెట్లు వదులైనయి. ఒకసారి బోర్డు మీద లెక్క రాస్తుంటే కండ్లు తిరిగి బల్ల పట్టుకున్న. అది చూసిన ఆ దోశెల టీచరే, ఇట్ల కాదని, మూసీ అవతల ఒక దవాఖానల ఎలర్జీ చూసే డాక్టరమ్మ ఉన్నదని కనుక్కొని, తనే ఫోన్ చేసి మాట్లాడి పెట్టింది.

డాక్టరమ్మ మా అమ్మ వయసుది. నేను రిపోర్టు అచ్చు తీయించుకొని పోయిన. ఆమె ఒకసారి తిరగేసి, బోర్లించి పక్కకు పెట్టింది. "ఇది తర్వాత చూద్దాం. ఏం జరిగిందో మీరు చెప్పండి, మొదటి నుంచి," అన్నది.

చెప్పిన. ఆమె నడుమనడుమ అడుగుతనే ఉన్నది. తిన్నంక ఎంత సేపటికి మొదలైంది, ఎంత తిన్నరు, ఆ దినం జ్వరం గిట్ల ఉండెనా, నొప్పుల గోలీ ఏమన్నా వేసుకున్నరా, తిన్నంక ఉరుకుడు, బరువు లేపుడు ఏమన్నా చేసిన్రా. ఇంతకుముందు ఎప్పుడన్నా నోరు దురద పెట్టిందా. గిన్ని ప్రశ్నలు నన్ను ఎవరూ అడిగి ఉండలేదు. తర్వాత పాల సంగతికి వచ్చింది.

"రిపోర్టు వచ్చేదాక టీ తాగిన్రా?"

దినాం రెండుసార్లు తాగిన అన్న.

"చపాతీ తిన్నరా? పెసరపప్పు?"

అన్నీ తిన్న.

"ఏమన్నా అయ్యిందా?"

"లేదు మేడం."

"మరి మీ ఒళ్ళు ఒప్పుకున్నదాన్ని కాగితం వద్దంటే ఎందుకు మానేసిన్రు?"

ఆమె కోపంగ అడగలేదు, నిజంగనే అడిగింది. రక్తపరీక్ష అబద్ధం కాదని, దానికి చేతనైనంతనే అది చెప్తదని నిదానంగ చెప్పింది. ఫలానా వస్తువు మీ ఒంటికి ఎర్కే అన్నంత వరకే ఆ ఎరుపు. ఎర్కున్నోళ్ళందరితోని మనకు కొట్లాట ఉంటదా? తిన్నప్పుడు ఏమైందన్నది ముందు తెలవాలె, ఆ తర్వాత అనుమానం ఉన్నదానికే పరీక్ష చెయ్యాలె. ఏ అనుమానం లేకుంట అన్నిటికీ చేస్తే ఇట్లనే సగం వంటిల్లు ఎర్రగైతది అన్నది.

పాలు, గోధుమ, పెసర్లు, గుడ్డు, టమాట ఆ దినం నుంచే మొదలుపెట్టమన్నది. మిగిలిన వాటి కోసం ఆమెకు ఒకటి కావాలె: ఆ కూరల, ఆ చట్నీల ఏమేం పడ్డయి. చట్నీల పల్లీలతోని పాటు వేయించిన నువ్వులు కూడ వేసిన అని ఆ దోశెల టీచర్ ఫోన్‌లనే చెప్పింది. బగారా బైంగన్ సంగతి నాకు పూర్తిగ తెల్వదు. ఎన్నేండ్లు తిన్న గని, చేసుడు నేర్చుకోలేదు.

ఇంటికి వచ్చి ముందుగాల టీ పెట్టుకున్న. నేను గిలాస కింద పెట్టేదాక అత్తమ్మ ఎదురుంగనే కూసున్నది. ఆ తర్వాత ఖాలా ఇంటికి పోయిన.

నన్ను చూసి సంబురపడ్డది. కూరల ఏమేం వేసినవని అడగంగనే ఆమె మొఖం మారింది. "అన్నీ తాజావే బేటీ. కసం సే, ఒట్టు. పాతది ఏదీ వెయ్యలే," అన్నది. పాతది వేసినవని కాదు, డాక్టరమ్మ అడుగుతున్నది, దవా దొరకాలంటే తెలవాలె అని ఆమె చెయ్యి పట్టుకొని చెప్పిన. అప్పుడు నెమ్మదిగ కూసొని వంట మొదటి నుంచి చెప్పుకొచ్చింది. పల్లీలు, నువ్వులు, ఎండు కొబ్బరి వేరువేరుగ వేయించి మెత్తగ నూరాలె. అల్లం వెల్లుల్లి, ధనియాలు, జీలకర్ర. తాలింపుల మెంతులు, కలోంజీ అనే నల్ల జీలకర్ర, కరివేపాకు. చెప్పుకుంట చెప్పుకుంట ఆమె గొంతు మునుపటి లెక్క అయ్యింది. పరీక్ష ఎప్పుడని అడిగి, నేను కూడ వస్త అన్నది.

దద్దుర్లకు వేసుకునే గోలీలు పరీక్షకు వారం ముందుగాల్నే బందు చెయ్యమన్నరు. అవి ఒంట్ల ఉంటే చర్మం నిజం చెప్పదట. ఆ కూరల పడే వస్తువులు కొన్ని వెంట తెమ్మన్నరు గన్క ఖాలా చిన్నచిన్న డబ్బాలల్ల పల్లీలు, నువ్వులు, కొబ్బరి, ఒక లేత వంకాయ సర్దుకొని వచ్చింది. దవాఖాన బల్ల మీద అవన్నీ వరుసగ పెడుతుంటే నర్సు నవ్వింది, వంట ఇక్కడనేనా అమ్మా అని.

నా ముంజేతి మీద పెన్నుతోని గుర్తులు పెట్టిన్రు. ఒక్కొక్క గుర్తు పక్కన ఒక్కొక్క సీసాల నుంచి చుక్క వేసి, చుక్క మీదికెళ్ళి సూదిమొనతోని పొడిచిన్రు. నెత్తురు రాదు, చీమ కుట్టినట్టు ఉంటది. ఒక చుక్కకు ఎవరి చర్మమైనా ఉబ్బాలె, ఉబ్బకుంటే గోలీ ఇంకా ఒంట్ల ఉన్నట్టు. ఇంకొకటి వట్టి ఉప్పునీళ్ళు, దానికి ఏం కావొద్దు. ఆ రెండిటి నడుమ మిగిలినవి తూచి చూస్తరు. చివరకు ఖాలా తెచ్చిన డబ్బాలు. నువ్వులు ముద్దగ నూరి, సూదిని ముద్దల గుచ్చి, అదే సూదిని నా చేతికి గుచ్చింది డాక్టరమ్మ. వంకాయను కోసి లోపలి గుజ్జుతోని అట్లనే చేసింది.

పావుగంట గీరుకోకుంట కూసోవాలె. గీరుకోవద్దన్నంక దురద ఎంత పెద్దగైతదో నాకు అప్పుడు తెలిసింది. ఖాలా నా రెండో చెయ్యి గట్టిగ పట్టుకొని, బిడ్డ పెండ్లి బట్టల ముచ్చట చెప్పుకుంట కూసున్నది.

వంకాయ దగ్గర ఏం లేదు. చర్మం మామూలుగ ఉన్నది. కొబ్బరి దగ్గర లేదు. పల్లీల దగ్గర చిన్న పొక్కు. సీసాల నువ్వుల చుక్క కొంచెం లేచింది. నూరిన నువ్వుల దగ్గర మాత్రం తెల్లటి ఉబ్బు, చుట్టూ ఎరుపు, అంచులు వంకరటింకరగ పాకుతున్నయి. డాక్టరమ్మ స్కేలు పెట్టి కొలిచింది. రెండుసార్లు తిన్నప్పుడు రెండిట్ల నువ్వులున్నయి, తిన్న కొంచెం సేపటికే అయ్యింది, రక్తంల ఉన్నది, చర్మం మీద ఉన్నది, ఇంక దీనికి వేరే సాక్ష్యం అక్కర లేదు అన్నది.

ఖాలా ఆ ఉబ్బునే చూస్తున్నది. "నేనే వేసిన మేడం. పిడికెడు వేసిన, ఆమెకు ఇష్టమని," అన్నది.

"మీకేం తెలుసమ్మా? ఆమెకే తెల్వదు," అన్నది డాక్టరమ్మ.

అప్పుడు యాదికి వచ్చింది. పోయిన చలికాలం నువ్వులు, వాము వేసిన సకినాలు తిన్నప్పుడు నాలుక దురద పెట్టింది. వాము ఘాటనుకొని ఊకున్న. మా ఇంట్ల నువ్వులు చలికాలం తప్ప బయటికి తీయరు. చిన్నప్పటి నుంచి నువ్వుల లడ్డు తిన్న మనిషిని, ఇప్పుడెందుకు అని అడిగిన. ఏ వయసుల అయినా మొదలు కావొచ్చు అన్నది ఆమె.

వంకాయ, కొబ్బరి ఇంట్లనే తినొచ్చు. పల్లీల సంగతి మిగిలింది. రక్తంల ఉన్నది, చర్మం మీద కొంచెం ఉన్నది, మొదటిసారి తర్వాత ఇంట్ల పల్లీలు తిన్ననో లేదో నాకు గట్టిగ యాది లేదు. అట్లాంటప్పుడు ఉన్నది ఒక్కటే తోవ, మా కండ్ల ముందట తిని చూసుడు అన్నది డాక్టరమ్మ. ఇంట్ల ఎవరూ ఈ పని చెయ్యొద్దని మా ఆయనకు ఫోన్‌ల మరీమరీ చెప్పింది.

పల్లీలు తిని చూసే పొద్దు ఆయన దుకాణం బందు పెట్టి నాతోని వచ్చిండు. మంచం మీద కూసోబెట్టి, చేతి నరానికి సూది పెట్టి ఉంచిన్రు. పక్క బల్ల మీద ఆ తొడకు వేసే ఇంజెక్షన్ సిద్ధంగ ఉన్నది. అరటిపండు, ఖర్జూరం మెదిపిన ముద్దను చిన్న కప్పులల్ల ఇస్తమని, కొన్నిట్ల పల్లీ పొడి ఉంటది, కొన్నిట్ల ఉండదు, ఏది ఏందో మీకు తెల్వనియ్యం అని ముందే చెప్పి, నేను సరే అన్నంకనే మొదలుపెట్టిన్రు. కప్పుకు కప్పుకు నడుమ బీపీ చూసుడు, నోరు చూసుడు, ఛాతీ విని చూసుడు.

మొదటి కప్పులు గడిచినయి. తర్వాత ఒక కప్పు తిన్న కొంచెం సేపటికి పెదవులు జివ్వుమన్నయి. గొంతు దగ్గరకు వచ్చినట్టైంది. మా ఆయన లేచి నిలబడ్డడు. డాక్టరమ్మ వచ్చి టార్చి వేసి నోరు చూసింది, ఒళ్ళంత చూసింది. దద్దుర్లు లేవు, ఉబ్బు లేదు, బీపీ మంచిగనే ఉన్నది. సూది వెయ్యలేదు, తొందరపెట్టలేదు, మంచం పక్కకు కుర్చీ గుంజుకొని నా దగ్గరనే కూసున్నది. కాసేపటికి ఆ జివ్వుమనుడు దానంతట అదే పోయింది. ముందుకు పోదామా అని అడిగింది. పోదామన్న.

చివరి కప్పు అయిపోయినంక ఇంకా చాలాసేపు కూసోబెట్టి, ఏం కాలేదని తేల్చుకొని అప్పుడు చెప్పింది. దోసెడు పల్లీలు నా కడుపుల ఉన్నయి. పెదవులు జివ్వుమన్న ఆ కప్పుల మాత్రం వట్టి అరటిపండు, ఖర్జూరమే.

నాకు సిగ్గైంది. ఇన్ని దినాలు నేను పడ్డదాంట్ల ఎంత నిజం, ఎంత భయం అని అడిగిన.

"మీ ఒళ్ళు ఒకసారి చావు దాక పోయొచ్చింది. భయపడకుంటేనే ఆశ్చర్యం," అన్నది ఆమె. "భయానికి మందు తినుడే. తింటనే ఉండండి."

నువ్వులు ఏ రూపంల కూడ వద్దన్నది, గానుగల తీసిన నువ్వుల నూనెతోని సహా. నువ్వులు పొరపాటున లోపలికి పోయి ఊపిరి ఇబ్బందైతే వేసుకునే ఇంజెక్షన్ రాసిచ్చి, అది వేసుకొని కూడ దవాఖానకు రావాల్సిందే అని చెప్పింది. ఎట్ల వెయ్యాల్నో నర్సు మా ఆయనకు నేర్పింది. ఆయన ఇంటికొచ్చి బత్తాయిల మీద ఉప్పునీళ్ళతోని సాధన చేసిండు. సూదులు గుచ్చిన బత్తాయిలు ఎవరు తింటరని అత్తమ్మ గులిగింది.

ఆ వారమే అత్తమ్మ వంకాయ కూర చేసింది. నా పళ్ళెంల రెండు ముక్కలు వేసి, నేను మింగేదాక చూసి, ఇంకో రెండు వేసింది. ఇప్పటికి కూడ నేను ఎప్పుడన్నా మోచెయ్యి గోక్కుంటే ఆమె కండ్లు వంటింటి దిక్కు పోతయి. నిన్న వంకాయ తిన్నవు కదా అని మాత్రం అనదు.

ఖాలా పాత మిక్సీ జార్‌ల నువ్వులు అంటుకొని ఉంటయని నా కోసం వేరే జార్ పెట్టుకున్నది. పల్లీలు, కొబ్బరి ఎక్కువ వేసి బగారా బైంగన్ చేసి గోడ మీదికెళ్ళి ఇచ్చింది. మంచిగనే ఉన్నది గని ఇది బగారా బైంగన్ కాదు, దీనికి వేరే పేరు పెట్టాలె అన్నది. నాకు కూడ అట్లనే అనిపించింది. గిన్నె కడిగి, సేమియా పాయసం పోసి వాపస్ ఇచ్చిన.

ఆమె బిడ్డ పెండ్లికి మాత్రం నేను ఇంటి నుంచి డబ్బా తీసుకపోయిన. పెద్ద వంటల్ల గరిటెలు అన్నిట్ల తిరుగుతయి, ఎవరి తప్పు లేకున్నా నువ్వులు కలుస్తయి అని డాక్టరమ్మ చెప్పి ఉండె. ఖాలా కష్టపెట్టుకుంటదేమో అనుకున్న. ఆమె వడ్డన మధ్యల వచ్చి, నా డబ్బాల నుంచి ఒక ముద్ద తీసుకొని తిని, చుట్టాలను చూసుకోనీకి పోయింది.

ఇప్పుడు నాకు అడుగుడు అలవాటైంది. బేకరీల కుల్చా మీద చల్లినవి ఏందని అడుగుత, టిఫిన్ బండి దగ్గర చట్నీల ఏం వేసిన్రని అడుగుత. కొందరు విసుక్కుంటరు. కొందరు ఏం లేదమ్మా తిను అని చూడకుంటనే చెప్తరు, అక్కడ నేను తినను. మొన్న పురానాపూల్ దగ్గర ఒక బండాయన పొడి దోశె వేస్తుండె. పొడిల నువ్వులున్నయా భాయ్ అని అడిగిన. ఆయన అట్లకాడ పక్కకు పెట్టి నా దిక్కు తిరిగిండు. పొడి ఇంట్ల వాళ్ళు చేస్తరు, నాకు తెల్వదు, అడిగి రేపు చెప్త అన్నడు. తెల్లారి అటు దిక్కు పని లేకున్నా పోయిన. ఉన్నయట. పొడి లేకుంట, పెనం కడిగి, సాదా దోశె వేసిచ్చిండు. అక్కడనే నిలబడి తిన్న.